బెయాటా పేరు పెట్టిన పువ్వు

గ్రోషేర్ దీవి
1831 నవంబరు 6

తమ్ముడూ ఆర్విద్,

నీ ఉత్తరం చేరింది. "మీ వైపు సముద్రంలో వింతైనదేమైనా దొరికితే మా ప్రకృతిశాస్త్ర సమాజానికి పంపు" అని ఇలా రాయడం ఇది నాలుగోసారి. నేనేదో పనీపాటా లేక రాళ్ల మీద పడి తిరుగుతుంటానని నీ ఉద్దేశం కాబోలు. ఇవి హెర్రింగ్ చేపలకు ఉప్పు పట్టించే రోజులు నాయనా! చేతులు పగిలిపోయి కలం పట్టుకుంటే మంట. అయినా అడిగావు కదా, ఒకటి పంపుతున్నాను.

పోయిన వారం కూరకని ఆలిచిప్పలు ఏరి తెచ్చాను. ఒకదాని వీపు మీద బార్లీ గింజంత తెల్లటివి ఏవో అంటుకుని ఉన్నాయి. గీకి పారేద్దామని కత్తి తీశాను. ఎందుకో మనసొప్పక ముందు ఉప్పునీళ్లలో వేసి చూశాను. కాసేపటికి ఒక్కొక్కటే పువ్వులా విచ్చుకుంది. చిన్న గిన్నె, దాని అంచు చుట్టూ వెంట్రుకల్లాంటి చేతులు. మా ఆయన వదిలిపోయిన భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. పదహారు. ఒకదానికి మాత్రం పదిహేడున్నాయి, అది దాని తిక్క. రొయ్య తునక వేస్తే ఆ చేతులతో లాక్కుని గుటుక్కున మింగేసింది!

కొన్ని సారాలో వేసి పంపుతున్నాను. కొన్నింటిని కిటికీ దగ్గర తొట్టిలో ఉంచుకున్నాను. పక్కింటి మాలిన్ వచ్చి చూసి, "ఏమిటే ఉల్రికా, పిల్లాజెల్లా లేకపోతే పురుగుల్ని పెంచుకోవాలా?" అంది. దాని నోరు నీకు తెలుసుగా.

మరదలు ఎలా ఉంది? నేను రాసిన రెండు ఉత్తరాలకూ ఎబ్బా జవాబివ్వలేదు. ఇవ్వమని నువ్వు బలవంతపెట్టకు.

ఒళ్లు జాగ్రత్త,
అక్క ఉల్రికా


గోథెన్‌బర్గ్
నవంబరు 27

అక్కా,

నువ్వు పంపింది చూసినప్పటినుంచి నాకు తిండి మీద ధ్యాస లేదు. బళ్లో పిల్లలకు లాటిన్ చెబుతూ చెబుతూ ఆగిపోతున్నాను. మా సమాజంలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. దీని సంగతి ఎవరూ రాయలేదే! గురువారం సభలో పెట్టాను. మా అధ్యక్షులు పాస్టర్ ట్రానెయుస్ గారు కళ్లజోడు మార్చి మార్చి చూసి, "లిండెల్, ఇది కొత్త జంతువే" అన్నారు.

కొత్త జంతువును మొదట వర్ణించినవాడే దానికి పేరు పెట్టాలి. నేను పెట్టాను. బెయాటా.

అక్కా, మా పిల్ల పోయి రెండేళ్లు దాటినా ఎబ్బా ఆ పేరు నోటితో అనలేదు. నేను ఆ పేరు ఎత్తితే లేచి వెళ్లిపోయేది. మొన్న జాడీ ఇంటికి తెచ్చి సంగతి చెప్పాను. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. "బెయాటా" అంది. మళ్లీ ఒకసారి అంది. ఆ పూట నాతోపాటు బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసింది.

ఈ పేరు అచ్చయిందంటే ఇక ఎవరూ తుడిచెయ్యలేరు. నువ్వూ నేనూ ఎబ్బా పోయాక కూడా ఏ పారిస్‌లోనో ఎవడో ముసలి పండితుడు తన పుస్తకంలో మన పిల్ల పేరు రాసుకుంటాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

ఒక మాట గుర్తుంచుకో. జంతువులున్న పెట్టెలు సమాజం పేరునే పంపు, సుంకం పడవ వాళ్లు తీసుకొస్తారు. నాకు రాసేవి మాత్రం ఇంటికే రాయి. సమాజం పేరున ఏది వచ్చినా గురువారం బల్ల మీద అందరి ముందూ విప్పుతారు, అందులోని ఉత్తరాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదువుతారు. ఆ నియమం పెట్టించింది నేనే. పాత కార్యదర్శి తనకు గిట్టని వాక్యాలు మింగేసేవాడు. ఇప్పుడు ఆ వేషాలు చెల్లవు. నీ ఉత్తరమూ అలాగే చదివారు. పదిహేడు చేతులదాని తిక్క అన్నచోట అందరూ పడీపడీ నవ్వారు.

తొట్టిలోవాటిని కంటికి రెప్పలా చూసుకో.

నీ తమ్ముడు
ఆర్విద్


గ్రోషేర్
డిసెంబరు 18

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చేప బుట్టల మధ్యే కూలబడి ఏడ్చాను. తర్వాత ఊరంతా తిరిగి చెప్పాను. ఇప్పుడు దీవిలో ఉన్న ఇరవై మూడు ఇళ్లవాళ్లూ వంతులేసుకుని వస్తున్నారు. "బెయాటా తిన్నదా?", "బెయాటా ముడుచుకుందేం, చలా?" ఒకటే పరామర్శలు. పురుగులని వెక్కిరించిన మాలిన్ రోజూ రొయ్య తునకలు తెచ్చి తనే వేస్తోంది. దాని మొగుడు నిల్స్, పడవ మీద బయటికి వెళ్లినప్పుడు స్వచ్ఛమైన నీళ్లు ఒక పీపా ముంచుకొస్తున్నాడు. ఒడ్డున మురికి నీళ్లు పనికిరావట!

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఒకటి ఉంది. ఇప్పుడైతే చెప్పగలననిపిస్తోంది. ఆ ఆగస్టులో పిల్ల నా దగ్గర ఉన్నప్పుడు, దానికి గొంతు నొప్పి మొదలైన రోజు నేను డాక్టరు కోసం పడవ పంపలేదు. రోజంతా నీళ్లలో ఆడింది కదా, జలుబే అనుకున్నాను. తేనె పెట్టాను, మెడకు ఉన్నిగుడ్డ చుట్టాను. మర్నాటికి గాలివాన మొదలైంది, ఇక పడవ కదలలేదు. ఆ ఒక్క రోజు నా వల్లే పోయింది ఆర్విద్. నువ్వెప్పుడూ అడగలేదు. నువ్వు అడగకపోయేకొద్దీ నాకు ఊపిరాడలేదు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. క్రిస్మస్‌కు ఎండుచేప పంపుతున్నాను, ఎబ్బాకు ఇష్టం.

ఉల్రికా


గోథెన్‌బర్గ్
1832 జనవరి 26

అక్కా,

అచ్చయింది! కాగితం దీనితో పంపుతున్నాను. బొమ్మ చెక్కినవాడు పదహారు చేతులూ ఎంత సన్నగా దించాడో చూడు. ఎబ్బా తన ప్రతిని అద్దం కట్టించి పిల్ల మంచం ఉండే చోట గోడకు తగిలించింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తోంది.

"గ్రోషేర్ తీరాన కార్యదర్శి ఆర్విద్ లిండెల్ సేకరించినది" అని ఉన్నందుకు ఏమీ అనుకోకు. ఆడవాళ్ల పేర్లు వెయ్యడం మా సమాజంలో ఆనవాయితీ కాదు.

నువ్వు రాసిన ఆ రోజు సంగతి చదివాను. రాయకుండా ఉండాల్సింది. ఎబ్బాకు చూపించలేదు.

ఆర్విద్


గ్రోషేర్
మార్చి 4

కార్యదర్శి గారికి,

గ్రోషేర్ తీరాన మీరెప్పుడు సేకరించారో కాస్త సెలవిస్తారా? మా గడప తొక్కి మూడేళ్లు కావస్తోంది. మంచు గడ్డలు పగలగొట్టి నీళ్లు మోసింది ఎవరట? సరేలే, పేరు పిల్లది ఉంది, నాది లేకపోతే కొంపలేం మునగవు. కానీ కడుపు మండిందిరా. మండిందని చెప్పకపోతే నేను ఉల్రికాని కాను.

అసలు సంగతి వేరే. పది రోజులుగా తొట్టిలోవి ఏదోలా ఉన్నాయి. ముందు పొడుగ్గా సాగాయి. తర్వాత ఒంటి చుట్టూ నొక్కులు పడ్డాయి. ఇప్పుడు ఒక్కోటీ ఒకదాని మీద ఒకటి పేర్చిన కాఫీ సాసర్ల దొంతరలా ఉంది. ఆ పదహారు చేతులూ కరిగిపోయాయి. నిన్న పొద్దున ఒక దొంతరలో పైసాసరు అదిరి అదిరి ఊడివచ్చింది. ఊడి కింద పడుతుందనుకున్నా. పడలేదు. ఎనిమిది రెక్కల చుక్కలా ఉంది, ఒళ్లు ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఈదుకుంటూ పోయింది! మాలిన్ చూసి ముక్కున వేలేసుకుంది.

అది ఈదే తీరు నేను ఎక్కడో చూశాను. ఏమిటో నోటికి రావడం లేదు, వచ్చినా అనడానికి భయంగా ఉంది. నువ్వొకసారి వచ్చి నీ కళ్లతో చూసి పోరాదూ?

ఉల్రికా


గోథెన్‌బర్గ్
మార్చి 18

అక్కా,

రావడానికి తీరిక లేదు. వచ్చి చూడాల్సిందీ ఏమీ లేదు. నువ్వు రాసినదంతా చావబోయే జంతువు లక్షణం. నీళ్లు మురిగి ఉంటాయి, తిండి ఎక్కువై ఉంటుంది. చేతులు కరిగిపోవడం, ఒళ్లు ముక్కలై ఊడిపోవడం, ఇదంతా కుళ్లు. ఈదాయంటావా? కుళ్లు మీద చేరిన వేరే పురుగులు అవి.

వారం క్రితం జర్మనీ నుంచి ఒక ఆచార్యుడు ఈ జంతువు గురించి అడుగుతూ నాకు రాశాడు. బతికి ఉన్నవి చూపించగలమని గొప్పగా జవాబిచ్చాను. ఇప్పుడేం మొహం పెట్టుకుని చెప్పను? చూసుకొమ్మని నీ చేతిలో పెట్టినవాటి గతి ఏమవుతుందో నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఇదివరకు ఒకసారి చూశాను కదా.

ఆర్విద్


గ్రోషేర్
మే 20
(ఆర్విద్‌కు మాత్రమే)

ఆర్విద్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేకపోయాను. పుండు మీద కారం చల్లావు. ఆ పుండు నేనే విప్పి చూపించాను, కాబట్టి తప్పు నాదే.

అయితే ఒకటి మాత్రం నీకు చూపించి తీరాలని పంతం పట్టాను. నీళ్లు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మార్చాను. ఊడి ఈదినవి నలభైకి పైగా ఉంటే, వాటిలో ఐదు ఇంకా బతికి ఉన్నాయి. చుక్క రెక్కల మధ్య ఖాళీలు పూడి గుండ్రటి గొడుగులయ్యాయి. నడిమధ్య నాలుగు ఊదారంగు ఉంగరాలు వచ్చాయి. ఇక నీకు చెప్పాలా? వేసవిలో మన అఖాతం నిండా తేలేవి అవే. హెర్రింగ్ వలల్లో పడి జిగురు చేసి పెట్టే జెల్లీ చేపలు. మనం చిన్నప్పుడు కర్రలతో కొట్టినవి. నీ పువ్వు కొత్త జంతువు కాదు తమ్ముడూ. జెల్లీ చేప పసితనం అది.

నీ పాస్టర్ ట్రానెయుస్ ఒక్కనాడైనా బూటు తడుపుకున్న మనిషైతే ఈ పొరపాటు జరిగేది కాదు. సారాలో చచ్చినదాన్ని చూసి ఇది కొత్తదే అనడానికి ఏం పోయింది, ఆ బానపొట్టాయనకు? బతికినదాన్ని చూడాలంటే వంగాలి. ఆయన వంగితే లేవలేడు.

పిల్లలకు ఒక పేరు, పెద్దవాటికి ఒక పేరు మీ పద్ధతిలో కుదరదనీ, పాతదే నిలుస్తుందనీ నువ్వే ఎప్పుడో చెప్పావు. అందుకే ఇంకెవరికీ చెప్పకు. ఎబ్బాకు అసలే చెప్పకు. గోడ మీద కాగితం గోడ మీదే ఉండనీ. నేనూ నోరు మూసుకుంటాను. ఈ జాడీలో ఐదింటినీ సారాలో వేసి పంపుతున్నాను, పక్కన ఒక్కో దశలో తీసినవి కూడా ఉన్నాయి. నువ్వు చూసి పారెయ్యి. నాకు కావలసింది ఒక్కటే. నేను వాటిని కుళ్లబెట్టలేదని నీకు తెలియాలి. నా చేతిలో పెట్టినవి ఈసారి బతికాయి. అది నీకు తెలిస్తే చాలు.

ఉత్తరం జాడీ పక్కనే పెడుతున్నాను, లేకపోతే ఏది ముందో ఏది వెనకో నీకు అర్థం కాదు. పెట్టె విప్పేది నువ్వే కదా.

నీ అక్క


గోథెన్‌బర్గ్
జూన్ 14

ఉల్రికా,

పెట్టె విప్పింది నేను కాదు. ఎబ్బా తల్లికి ప్రాణం మీదికొస్తే ఇద్దరం బోరోస్ వెళ్లాం. గురువారం సభలో పాస్టర్ ట్రానెయుస్ విప్పారు. నాకు మాత్రమే అని నువ్వు రాసింది ఆయన చూశారట. "నియమం పెట్టింది లిండెల్, మినహాయింపు పెట్టలేదు" అని మొదలుపెట్టారట. ఒక్క అక్షరం వదల్లేదు. బూటు, బానపొట్ట, వంగితే లేవలేకపోవడం, అన్నీ తన నోటితోనే చదువుకున్నారు. అప్పటికే సభ గొల్లుమంటోంది. ఎబ్బాకు చెప్పకు అన్న వాక్యం దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదని, నన్ను ఓదార్చడానికి, ఒక సభ్యుడు చెప్పాడు.

జాడీలు చేతులు మారాయి. వాదించడానికి ఏమీ లేదు. నీ పని అంత శుభ్రంగా ఉంది. ఆ సాయంత్రమే ఓటు పెట్టి పేరు కొట్టేశారు. వచ్చే సంపుటంలో సవరణ వేస్తారు. ఇప్పుడు నన్ను ఎలుగెత్తి మెచ్చుకుంటున్నది ట్రానెయుస్ ఒక్కడే. "మీ నియమం ఎంత గొప్పదో ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

ఎబ్బాకు నేను చెప్పే అవకాశం కూడా లేకపోయింది. తిరిగొచ్చిన ఆదివారమే చర్చి మెట్ల మీద ఒకావిడ పట్టుకుని, "అయ్యో, మీ అమ్మాయి జెల్లీ చేపట కదమ్మా!" అంది. ఆవిడ జాలితోనే అంది. ఎబ్బా ఇంటికొచ్చి అద్దం కట్టిన కాగితం దించేసింది. ఆ గోడకు మేకు మిగిలింది. మళ్లీ మాట్లాడటం మానేసింది.

సమాజం పేరున వచ్చే ఉత్తరాల గతి ఏమిటో నీకు నేనే రాశాను. పంపావు. నేను చేసిన గాయానికి ఇలా బదులు తీర్చుకుంటావని అనుకోలేదు. కావాలనే చేశావా?

ఆర్విద్


గ్రోషేర్
జూన్ 25

ఆర్విద్,

కావాలని చెయ్యలేదు. దేవుడి సాక్షిగా. జంతువులున్న పెట్టె సమాజం పేరున తప్ప సుంకం పడవ ఎక్కించుకోరు. పెట్టె నువ్వే తెరుస్తావనుకున్నాను. నా మొహానికి అంతకంటే తట్టలేదు.

కానీ నీకు అబద్ధం రాయను. సభలో చదివారని, జాడీలు చూసి అందరూ నిజమేనన్నారని పడవవాడు వచ్చి చెప్పినప్పుడు, ఒక్క క్షణం, ఎబ్బా గుర్తుకు రాకముందు, నాకు సంతోషమేసింది. వీధిలో నిలబడి నవ్వాను కూడా. అంతమంది మగవాళ్లు నా జాడీలు పట్టుకుని చూశారు కదా అని. నేను కుళ్లబెట్టలేదని అందరికీ తెలిసింది కదా అని. ఆ తర్వాత ఎబ్బా గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

నేను వచ్చి ఎబ్బా కాళ్ల మీద పడతాను. రమ్మంటే రేపే బయల్దేరుతాను. ఆమె నన్ను కొట్టినా సరే.

నువ్వు మాత్రం నువ్వన్న మాట వెనక్కి తీసుకోలేదు. గమనించాను.

ఉల్రికా


గోథెన్‌బర్గ్
జూలై 9

ఉల్రికా,

రావద్దు.

అన్న మాట వెనక్కి తీసుకుందామని రెండుసార్లు కాగితం ముందేసుకున్నాను. చేతకాలేదు. ఆ రోజు నువ్వు పడవ పంపి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. అది నీకు తెలుసు, నాకూ తెలుసు. ఇక దాచుకోవడమెందుకు?

నిన్న ఎబ్బా నోరు విప్పింది. ఒకే ఒక్క మాట అడిగింది. "ఇప్పుడు ఆ పేరుతో ప్రపంచంలో దేన్నయినా ఎవరైనా పిలుస్తారా?" అని. లేదన్నాను. నిజం అదే కదా. తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఇక రాయకు.

ఆ. లిం.


గ్రోషేర్
ఆగస్టు 19

ఆర్విద్,

రాయొద్దన్నావు. ఇది ఆఖరిది. చింపి పారేసినా నేనేమనుకోను. ఎబ్బా ప్రశ్నకు నువ్వు చెప్పిన జవాబు తప్పు, అందుకే రాస్తున్నాను.

ఈ వేసవి నీళ్లు వెచ్చగా ఉండి జెల్లీ చేపలు ఎన్నడూ లేనంతగా వచ్చాయి. తెడ్డు వేస్తే వాటి మీదే పడుతోంది. వలలు ఎత్తలేకపోతున్నారు, ఎత్తితే తాళ్లు తెగుతున్నాయి. మగవాళ్లు పొద్దస్తమానం వాటిని పారలతో ఎత్తి రాళ్ల మీద పోస్తున్నారు, అక్కడ అవి ఎండకు కరిగి కంపు కొడుతున్నాయి.

చలికాలం మొదలుకుని మే దాకా ఈ దీవి జనం నా కిటికీ దగ్గర నిలబడి వాటిని ఒక పేరుతో పిలిచారు. తొట్టిలో పువ్వుగా ఉన్నప్పుడు పిలిచారు, సాసర్లయినప్పుడు పిలిచారు, గొడుగులయ్యాక ఈదుతుంటే చప్పట్లు కొట్టి పిలిచారు. మీ సభలో ఓటు పెట్టి కొట్టేశారని వీళ్లకు తెలియదు. తెలిసినా పట్టదు. వీళ్లకు ఆ జంతువు పేరు అది, అంతే. ఎగతాళికి కాదు ఆర్విద్, తిట్టాలనీ కాదు. పక్క దీవులవాళ్లు కూడా అదే పేరు అంటున్నారు. ఆ పిల్ల ఎవరో కూడా వాళ్లు ఎరగరు. వీళ్ల పిల్లలు పెద్దయ్యాక వీళ్ల మనవలకూ ఇదే నేర్పుతారు. నువ్వూ నేనూ ఎబ్బా పోయాక కూడా.

నేను వద్దని చెప్పబోయాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. ఎందుకు వద్దో చెప్పాలంటే అంతా చెప్పాలి. ఊరుకున్నాను.

ఈరోజు పొద్దున నిల్స్ రేవులోంచి కేకేశాడు. "ఉల్రికమ్మా! వలనిండా దిక్కుమాలిన బెయాటాలే! ఒక్క చేప లేదు. పారబొయ్యడానికి ఆ పెద్ద బుట్ట ఇలా పడెయ్యి!"

బుట్ట ఇచ్చాను.

ఎబ్బాకు చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించుకో.

ఉల్రికా